మా కిటికీల సీసం తీయించిన అందరికీ కృతజ్ఞతలు

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మేము అద్దెకుంటున్న పాత ఇంటి కిటికీలకున్న సీసపు రంగు ఎట్టకేలకు కోర్టు ఉత్తర్వుతో తొలగిపోయింది. మాకు అండగా నిలిచినవారు పేర్లు వద్దన్నారు కనుక రాయడం లేదు.

ముందుగా పాప డాక్టరుగారికి. ఈ రాష్ట్రంలో పిల్లలందరికీ ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ల వయసులో మరోసారి రక్తంలో సీసం పరీక్ష చేయాలి. పాప ఫలితం చూడగానే ఆవిడ కాటుక, ఇండియా నుంచి తెచ్చుకున్న పసుపు, కిటికీలు, అన్నింటి గురించీ ఆరా తీశారు. కిటికీ జరిపినప్పుడల్లా పాత రంగు రాపిడికి పొడిగా రాలుతుందని, అది పిల్లల చేతులకంటి నోట్లోకి పోతుందని ఓపికగా వివరించారు.

ఇంటి యజమాని పాత రంగు గీకించి కొత్తది వేయిస్తానన్నారు. పై అంతస్తులోని అక్క ఒప్పుకోనివ్వలేదు. పొడిగా గీకితే ఆ విషం ఇల్లంతా పరుచుకుంటుందని చెప్పి, నగర ఫిర్యాదుల నంబరు 311కు ఫోను చేయించింది. ఆ రోజు ఆమె గట్టిగా నిలబడకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నగర ఇన్‌స్పెక్టరు వచ్చి ఉల్లంఘన నమోదు చేశారు. గడువు దాటినా పని మొదలు కాలేదు.

అప్పుడు ఉచిత న్యాయ సహాయం అందించే లాయరుగారు హౌసింగ్ కోర్టులో కేసు వేయించారు. 2004 నాటి నగర చట్టం ప్రకారం, 1960కి ముందు కట్టిన అపార్టుమెంట్లలో ఆరేళ్లలోపు పిల్లలుంటే అక్కడి పాత రంగును సీసపు రంగుగానే లెక్కిస్తారు. కాదని నిరూపించుకోవలసింది యజమానే. ఫిర్యాదు చేసినందుకు ఇల్లు ఖాళీ చేయించడం కూడా చట్టవిరుద్ధమని ఆయన చెప్పాకే మాకు రాత్రి నిద్ర పట్టింది. పాపను పగలంతా చూసుకునే మా అమ్మ మాటలను ఒక్క ముక్క పోకుండా జడ్జిగారికి వినిపించిన కోర్టు దుబాసీగారికి నమస్కారాలు. ఆ సేవకు రూపాయి కూడా తీసుకోలేదు.

ఉత్తర్వులో పని ఎలా చేయాలో కూడా రాయించడం లాయరుగారి పట్టుదలే. శిక్షణ పొందిన పనివాళ్లు గదిని ప్లాస్టిక్‌తో మూసి, తడిపి రంగు తీశారు. తరువాత నేల మీది, కిటికీ గట్ల మీది దుమ్ము ల్యాబుకు వెళ్లింది. చదరపు అడుగుకు 5 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటేనే నేల శుభ్రమైనట్టు. ఒక కిటికీ గట్టు ఆ పరీక్షలో తప్పింది. ఉత్తర్వు ఉంది కనుక మళ్లీ కడిగారు. ఇప్పుడు పాప రక్తంలో సీసం తగ్గుతోంది.

మా భవనంలో పసిపిల్లలున్నవారికి మా కేసు కాగితాలన్నీ ఇస్తాను. కోర్టుకు తోడు కావాలంటే వస్తాను, మొహమాటపడకుండా తలుపు తట్టండి.