తెలియని కోణాన్ని వెతికేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నీవు పంపిన లెక్కను కాగితం మీద మళ్లీ గీసుకుని శ్రద్ధగా చూశాను. ఏబీ, సీడీ అనే రెండు సరళరేఖలు ఓ అనే బిందువు వద్ద ఖండించుకున్నాయి. ఓ నుండి ఏబీకి లంబంగా ఓపీ అనే కిరణం పైకి లేచింది. ఓసీ కిరణం ఓపీకి, ఓబీకి నడుమ ఉంది. పీఓసీ కోణం 2ఎక్స్ + 10 డిగ్రీలు, ఏఓడీ కోణం 3ఎక్స్ + 5 డిగ్రీలు అని ఇచ్చి, రెండింటి విలువలూ కనుక్కోమన్నారు. నీవు ఆ రెండింటినీ సమానమని వ్రాసి, ఎక్స్ విలువ 5 అని, ఒక్కొక్క కోణం 20 డిగ్రీలని తేల్చావు. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొరపాటు వాటికంటే ముందే, సమీకరణం వ్రాసిన మొదటి వరుసలోనే జరిగింది.

శీర్షాభిముఖ కోణాలు సమానమనే నియమం నీకు బాగా గుర్తుంది. అయితే ఈ రెండూ శీర్షాభిముఖ కోణాలు అవునో కాదో పటంలో చూసుకోలేదు. దానికి తప్పని పరీక్ష ఒకటి ఉంది తల్లీ. ఒక కోణం భుజాలు రెండింటినీ శీర్షం దాటించి వెనక్కి పొడిగిస్తే, అవి రెండవ కోణం భుజాలు కావాలి. ఏఓడీ భుజాలు ఓఏ, ఓడీ. ఓఏను ఓ దాటించి పొడిగిస్తే ఓబీ వస్తుంది, ఓడీని పొడిగిస్తే ఓసీ వస్తుంది. కాబట్టి ఏఓడీకి ఎదురుగా ఉన్నది సీఓబీ మాత్రమే. ఓపీ ఓ వద్దే మొదలైన కిరణం. వెనుక వైపు దానికి గీత లేదు కనుక, దానిని భుజంగా గల ఏ కోణానికీ ఈ పటంలో శీర్షాభిముఖ కోణం లేదు.

శీర్షాభిముఖ కోణాలు ఎందుకు సమానమో కూడా ఒకసారి చూడు. కారణం తెలిసిన నియమాన్ని తప్పు చోట వాడబుద్ధి కాదు. ఏబీ సరళరేఖ కనుక ఏఓసీ, సీఓబీ కోణాలు కలిసి 180 డిగ్రీలు. సీడీ కూడా సరళరేఖే కనుక ఏఓసీ, ఏఓడీ కోణాలు కలిసి 180 డిగ్రీలు. రెండు మొత్తాలలోనూ ఏఓసీ ఉంది. దానిని రెండింటి నుండీ తీసివేస్తే మిగిలిన సీఓబీ, ఏఓడీ సమానం కాక తప్పదు. ఈ సమానత్వాన్ని మొదట గుర్తించినవాడు క్రీస్తు పూర్వం 6వ శతాబ్దపు థేలీస్ అని ప్రాచీన గ్రీకులు చెప్పుకునేవారు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన జ్యామితి గ్రంథం మొదటి సంపుటిలో 15వ ప్రతిపాదనగా దీనిని నిరూపించాడు. ఆ నిరూపణకు ఆధారం, సమానాల నుండి సమానాన్ని తీసివేస్తే మిగిలేవి కూడా సమానాలే అన్న ఒక్క మాట. ఇంత చిన్న మాట నుండి ఎప్పటికీ చెడని నిజం పుట్టడం నాకు నేటికీ గొప్పగానే అనిపిస్తుంది.

ఇక పూరక కోణాల సంగతి. రెండు కోణాల మొత్తం 90 డిగ్రీలైతే అవి పూరకాలు. 180 డిగ్రీలైతే సంపూరకాలు. పూరక కోణాలు పక్కపక్కనే ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. ఒకటి పుట మీద పైన, మరొకటి కింద ఉన్నా, మొత్తం 90 అయితే చాలు. నీ లెక్కకు తాళం చెవి ఇక్కడే ఉంది. ఓపీ ఏబీకి లంబం కనుక పీఓబీ 90 డిగ్రీలు. దానిని ఓసీ కిరణం పీఓసీ, సీఓబీ అని రెండుగా పంచింది. సీఓబీ విలువ మనకు నేరుగా ఇవ్వలేదు, కానీ దానికి సమానమైన ఏఓడీని ఇచ్చారు. కాబట్టి సీఓబీ కూడా 3ఎక్స్ + 5. ఇప్పుడు 2ఎక్స్ + 10, 3ఎక్స్ + 5 కలిసి 90 కావాలి; అంటే 5ఎక్స్ + 15 = 90, ఎక్స్ = 15. ఇక్కడ ఆగిపోకు. అడిగింది ఎక్స్ కాదు, కోణాలు. పీఓసీ 40 డిగ్రీలు, ఏఓడీ 50 డిగ్రీలు.

జవాబు వచ్చిన తరువాత దానిని తిరిగి పటంలో పెట్టి చూడడం మానకు. 40, 50 కలిస్తే లంబకోణం నిండుతుంది. ఏఓసీ 90, 40 కలిసి 130 డిగ్రీలు. దాని పక్కనున్న 50తో కలిస్తే సరిగ్గా 180. నీకు వచ్చిన 20, 20 పెట్టి చూస్తే లంబకోణంలో 40 డిగ్రీలే నిండి, 50 డిగ్రీలు ఖాళీగా మిగిలిపోతాయి. కోణమానినితో కొలిచి సరిచూసుకోవచ్చుననుకోకు. లెక్కల పుస్తకాలలోని పటాలు చాలాసార్లు కొలతకు గీసినవి కావు. కంటికి సమానంగా కనిపించడం కారణం కాదు.

అందుకే ఇకపై సమీకరణం వ్రాసిన ప్రతిచోటా, దాని పక్కనే ‘శీర్షాభిముఖ కోణాలు’ అనో, ‘పూరక కోణాలు’ అనో, ‘రేఖీయ ద్వయం’ (ఒకే సరళరేఖ మీద పక్కపక్కన ఉండి, కలిసి 180 డిగ్రీలయ్యే కోణాల జత) అనో కారణం వ్రాయమని కోరుతున్నాను. మార్కుల కోసం అనడం లేదు. కారణం పేరు వ్రాయడానికి కలం తడబడితే, ఆ సమీకరణాన్ని ఇంకా నమ్మకూడదని అర్థం. నీవు రెండు కోణాలనూ సమానమని వ్రాసిన వరుస పక్కన ఏ కారణమూ లేదు. వ్రాయబోయి ఉంటే అక్కడే ఆగి పటం వైపు చూసేదానివి.

పటాన్ని చెరిపేయకుండా ఓపీని కిందికి కూడా పొడిగించి, ఆ కొనకు క్యూ అని పేరు పెట్టు. ఇప్పుడు మూడు సరళరేఖలు, ఓ చుట్టూ ఆరు కోణాలు ఉన్నాయి. పీఓసీకి ఇంతకుముందు లేని శీర్షాభిముఖ కోణం ఇప్పుడు డీఓక్యూ రూపంలో వచ్చింది. అది కూడా 40 డిగ్రీలే. 50 డిగ్రీల ఏఓడీ దాని పక్కనే ఉంది. పైన కనిపించిన లంబకోణం కిందా ఏర్పడింది, చూశావా?

దీని తరువాత ఒక ప్రశ్న నీకే వదిలిపెడుతున్నాను. ఓపీ లంబమని లెక్కలో చెప్పలేదనుకో. పీఓసీ, ఏఓడీ పూరక కోణాలని, ఓసీ కిరణం ఓపీకి, ఓబీకి నడుమ ఉందని మాత్రమే చెప్పారనుకో. అంతమాత్రంతో ఓపీ ఏబీకి లంబమని నిరూపించగలవా? ప్రతి వరుసకూ కారణం వ్రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నాన్న