మీ ఆర్కిడ్ మొక్కల గురించి: ఇకపై పూల తేదీకి మాట ఇవ్వము

వేసవిలో మా నర్సరీకి బాగుచేయడానికి ఇచ్చిన ఆర్కిడ్లు ఎప్పుడు పూస్తాయని, కనీసం సంక్రాంతికైనా పూలతో ఇంటికి వస్తాయా అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పడం కన్నా అందరికీ ఒకేసారి ఉన్నదున్నట్టు చెప్పడం మేలనిపించింది. ఆ మొక్కల్లో చాలావరకు కోలుకున్నాయి గానీ పూయలేదు, సంక్రాంతికి పూయవు కూడా. అందుచేత ఈ కార్తీకం నుండి మొక్కను పూల దాకా మా దగ్గర అట్టిపెట్టుకోకుండా, కొత్త వేళ్లు పట్టి ఒక పూర్తి ఆకు విచ్చుకోగానే మీకు తిరిగి ఇచ్చేస్తాము, నెలవారీ రుసుము కూడా అక్కడితో ఆపేస్తాము. ఇందువల్ల చలికాలమంతా మాకు వచ్చే రాబడి తగ్గుతుందని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము.

కారణం చెప్పాలంటే ముందు ఆ మొక్కలు ఏ స్థితిలో వచ్చాయో చెప్పాలి. హైదరాబాదులో గృహప్రవేశాలకు, పెళ్లిరోజులకు కానుకగా ఇచ్చేవి ఎక్కువగా ఫెలనాప్సిస్ రకం. రెండు మూడు నెలలు పూలతో కళకళలాడి, పూలు రాలాక బాల్కనీలో ఓ మూలకు చేరతాయి. అలాంటి మొక్కను కుండీలోంచి తీసి చూస్తే బయట బెరడు ముక్కలు, లోపల చిన్నప్పుడు దాన్ని పెంచిన ప్లాస్టిక్ జల్లి గిన్నె, ఆ గిన్నెలో గట్టిగా కుక్కిన స్పాగ్నమ్ నాచు కనిపిస్తాయి. పైన ఎండినట్టున్నా ఆ నాచు మధ్యలో వారాల తరబడి తడి ఆరదు. అక్కడి వేరును రెండు వేళ్లతో నొక్కితే చప్పబడిపోయి, పైతొడుగు జారి వచ్చేసి, లోపల దారంలాంటి నార ఒక్కటే చేతిలో మిగులుతుంది. అటువంటి మొక్కకు ఆకులు ముడతలు పడి వాలిపోవడం చూసి దాహమేస్తోందని ఇంకా నీళ్లు పోస్తారు. నీళ్లు తాగే వేళ్లే లేనప్పుడు ఆ నీళ్లు మిగిలిన వేళ్లను కూడా కుళ్లబెడతాయి.

ఆర్కిడ్ వేరుకు వెలామెన్ అనే స్పాంజిలాంటి పైపొర ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులోనూ, తడిసినప్పుడు ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. చెట్ల కొమ్మలను పట్టుకుని గాలిలో వేలాడుతూ బతకడానికి పుట్టిన ఈ మొక్కకు తడి ఎంత అవసరమో, తడి తర్వాత ఆరడం అంతే అవసరం. కనుక మేము చేసే పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. కుళ్లిన వేళ్లన్నీ కోసేసి, గాట్లకు శిలీంధ్రనాశిని రాసి, కొన్నాళ్లు నీడలో ఆరనిచ్చి, బెరడు, కట్టెబొగ్గు, ఉప్పు పోయేదాకా నానబెట్టి కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు కలిపి నాటుతాము. మొక్క మారినప్పుడల్లా కత్తిని మంటలో కాలుస్తాము, ఎందుకంటే ఆర్కిడ్లకు వచ్చే మొజాయిక్ వైరస్ కత్తి మొన మీదుగా పక్క మొక్కకు పాకుతుంది, దానికి మందు లేదు. బోరు నీళ్లు పోయము. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, అవి వేరు మీద తెల్లగా పేరుకుని కొసలను మాడ్చేస్తాయి. వాననీళ్లు ఉన్నన్నాళ్లు వాననీళ్లు, అవి అయిపోతే ఆర్వో నీళ్లు వాడుతున్నాము, రుసుములో పెద్ద భాగం దానికే పోతోంది.

ఇంత చేసినా మొక్క ముందుగా వేళ్లు వేసుకుంటుంది, తర్వాత ఆకు వేస్తుంది, పూల సంగతి ఆ తర్వాతే ఆలోచిస్తుంది. ఆకుల మొదట్లోంచి లేత ఆకుపచ్చ వేరు మొన పొడుచుకు వచ్చిన రోజున మా పని సగానికి పైగా అయినట్టే. పూకాడ మాత్రం మా చేతిలో లేదు. ఫెలనాప్సిస్ 28 డిగ్రీలకు పైబడిన వేడిలో ఆకులు వేస్తూనే ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం 25 డిగ్రీల లోపు వాతావరణం కొన్ని వారాల పాటు ఉంటేనే పూకాడ తొడుగుతుంది. హైదరాబాదులో ఆ చల్లదనం కార్తీకం నుండి సంక్రాంతి దాకా దొరుకుతుంది, అది మా షేడ్ నెట్ కింద ఎంతో మీ బాల్కనీలోనూ అంతే. నవంబరు, డిసెంబరులలో పూకాడ తొడిగితే పూలు విచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది. భాస్వరం ఎక్కువగా ఉండే 13:40:13 ఎరువు వేస్తే ముందే పూస్తుంది కదా అని అడిగినవారు ఉన్నారు. వెలుతురు, చల్లదనం లేకుండా ఏ ఎరువూ పూలు తెప్పించదు. ఆకులు వేసే కాలంలో నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి అర గ్రాము చాలు.

ఇంటికి తీసుకువెళ్లాక తూర్పు వైపు లేత ఎండ తగిలేచోట పెట్టండి. ఉదయం పూట నీళ్లు పోయండి, మొవ్వులో నీరు నిలిస్తే గుడ్డతో అద్దేయండి. ఆకుల మొదట్లో కొత్త మొలక కనిపించినప్పుడు అది వేరో పూకాడో చూడండి: వేరు మొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పూకాడ మొన కాస్త చదునుగా ఉండి ఓ పక్కకు ముక్కు తిరుగుతుంది. మొగ్గలు వచ్చాక కుండీ దిశ మార్చకండి, మగ్గుతున్న అరటిపళ్లు పక్కన ఉంచకండి. పళ్ల నుండి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి. రాత్రి 13 డిగ్రీల కన్నా దిగుతుందనిపించిన రోజున మొక్కను లోపలికి తీసుకోండి.

డెండ్రోబియం అనే మరో రకం ఆర్కిడ్లు ఇచ్చినవారికి ఈ లెక్క వర్తించదు. వాటికి వేడి సరిపడుతుంది, ఎండ మరికాస్త ఎక్కువ కావాలి. విశాఖ, కాకినాడల వంటి తీరప్రాంతాలలో రాత్రులు ఇంత చల్లబడవు కనుక అక్కడివారికి ఫెలనాప్సిస్ కన్నా డెండ్రోబియమే నయమని అమ్మేటప్పుడు కూడా చెబుతున్నాము. ఆకులు రాలి మోడులా మిగిలిన పాత కాడలను దయచేసి కోయకండి, వాటి కణుపుల నుండి మళ్లీ పూలు రావచ్చు.

ఇకపై కొన్ని మొక్కలను తీసుకోము. మొవ్వు కుళ్లి నల్లబడిన ఫెలనాప్సిస్‌కు పైకి పెరిగే దారి మూసుకుపోయినట్టే. ఎప్పుడైనా పక్కనుంచి పిలక వస్తే రావచ్చు గానీ, ఆ ఆశ మీద నెలనెలా మీ దగ్గర డబ్బు తీసుకోవడం న్యాయం కాదు. ఆకుల మీద వైరస్ చారలు అనుమానంగా కనిపించినవి గేటు దాటనివ్వము. అరకు వైపు విహారానికి వెళ్లి చెట్టు మీద నుండి పీకి తెచ్చిన అడవి ఆర్కిడ్లను ఎంత అడిగినా ముట్టుకోము.

కోలుకున్న మొక్కల యజమానులకు ఫొటోతో సందేశం పంపుతున్నాము, అది అందిన పదిహేను రోజుల్లో వచ్చి తీసుకువెళ్లండి. పూల దాకా అని ముందే కట్టిన రుసుములో మిగిలినది అక్కడే తిరిగి ఇచ్చేస్తాము. వాండా రకం ఆర్కిడ్లు చలికి తట్టుకోలేవు కనుక, వాటిని మాత్రం శివరాత్రి వెళ్లేవరకు పాత రుసుముకే మా దగ్గర ఉంచవచ్చు.