రిపోర్టు వెనక లెక్క కట్టిన బాబాయ్ గారికి

మా తమ్ముడు నిన్న రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరింటికి లేచాడు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ఐదు నెలలైంది ఇలా పడుకుని. నాకే నిద్ర పట్టలేదు. దగ్గు వినబడకపోయేసరికి రెండుసార్లు వెళ్ళి ఊపిరి ఆడుతోందో లేదో చూసొచ్చాను. కళ్ళు మండుతున్నాయి, అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. మళ్ళీ పనుల్లో పడితే రాయలేను.

ఒక పెద్దాయనకి దణ్ణం పెట్టుకోవడానికి ఇదంతా. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

దగ్గు మొదలైనప్పుడు ఆస్తమా అన్నారు. అర్ధరాత్రి ఒంటిగంటకి మొదలై తెల్లవారుజాము దాకా కూర్చోబెట్టేసేది. పగలు మామూలే. ఇన్‌హేలర్లు మార్చారు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్న వారం బాగుండేది, ఆపగానే మొదటికొచ్చేది. చివరికి ఐజీఈ పరీక్ష రాశారు, ఎలర్జీ లాంటివి ఉంటే నెత్తురులో పెరిగే ఒక పదార్థం ఎంతుందో చూసేది. రాత్రి పదకొండింటికి ఫోనుకి రిపోర్టు వచ్చింది. 4,860. పక్కన 100 లోపు ఉండాలని ఉంది. అంకె ఎర్రగా ఉంది. అది ఏమిటో, ఎందుకు పెరిగిందో చెప్పే మనిషి ఆ వేళ ఎవరుంటారు? ఇంటర్నెట్‌లో వెతికాను. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం అని ఒకచోట, క్యాన్సర్ అని ఇంకోచోట. తెల్లారేదాకా దేవుడి గదిలో కూర్చున్నాను.

ఆ తర్వాత ఎలర్జీ ప్యానెల్ అని ఎనిమిదిన్నర వేలు. వంకాయ, గుడ్డు, పాలు, రొయ్యలు, పల్లీలు అన్నిటికీ ఎదురుగా ఏదో ఒక అంకె. అన్నీ మాన్పించేశాం. వాడు ఆరు కిలోలు తగ్గాడు, దగ్గు మాత్రం తగ్గలేదు.

రాజమండ్రిలో ఛాతీ డాక్టరు గారి ఓపీ బయట, టోకెన్ 61 పట్టుకుని కూర్చున్న రోజు సంగతి ఇక. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన. వాళ్ళావిడని చూపించడానికి వచ్చారు. తమ్ముడి దగ్గు కాసేపు విని, "బాబూ, ఇది రాత్రిళ్ళే ఎక్కువా?" అని అడిగారు. అవునన్నాడు. పాత కాగితాలన్నీ చూపించమన్నారు. ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు యూనిట్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారట. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తురులోకి వస్తాయి కాబట్టి, రాత్రి పది దాటాక ఇళ్ళకి వెళ్ళి జనాన్ని లేపి వేలి నెత్తురు స్లైడు మీదకి తీసుకునేవారట.

ఐజీఈ గురించి నాకు అర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషి ఆయనే. "అమ్మా, ఒళ్ళు కాలిపోతోందని థర్మామీటరు చెబుతుంది, అది ఏ జ్వరమో చెప్పదు కదా. ఇదీ అంతే." ఎలర్జీ ఉన్నా పెరుగుతుంది, గజ్జి లాంటి ఎగ్జిమా ఉన్నా పెరుగుతుంది, కడుపులో పురుగులున్నా పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో ఒక రకం బూజు చేరినా పెరుగుతుంది అన్నారు. ఎలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి మామూలుగానే ఉంటుందట. మొత్తం ఐజీఈ ఇంత ఎక్కువున్నప్పుడు ప్యానెల్లో చిన్న చిన్న అంకెలు చాలావాటికి వస్తాయట. తింటే ఏమీ కానివాటిని కాగితం చూసి మానెయ్యక్కర్లేదన్నారు.

అప్పుడు అడుగున పడి ఉన్న మూడు నెలల కిందటి రక్తపరీక్ష తీశారు. మామూలు సీబీసీ, మూడొందల రూపాయలది. తెల్లకణాలు 18,400. అందులో ఇసినోఫిల్స్ అనే రకం 42 శాతం. రిపోర్టు వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, చిన్నపిల్లాడు లెక్క చేసినట్టు మెల్లగా గుణించారు. 7,728. సరిచూసుకోవడానికి మళ్ళీ గుణించారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను డాక్టర్ని కాదమ్మా. ఇది 3,000 దాటి, రాత్రి దగ్గుంటే ఒక జబ్బుని అనుమానించాలి. ఈ లెక్క డాక్టరు గారికి చూపించు. ఆ జబ్బే అయితే భయపడకు, దానికి మందుంది. మన భీమవరంలో పుట్టినాయనే కనిపెట్టించాడు ఆ మందు" అన్నారు.

అంతే, నేను ఆ హాల్లో వందమంది ముందు భోరుమని ఏడ్చేశాను. మూడు నెలలుగా ఒక్కరూ ఆ రెండంకెలు గుణించలేదు. వాళ్ళావిడ టోకెన్ పిలుస్తున్నా, ఆయన నా చేతిలో ఆ కాగితం మడిచిపెట్టి, మంచినీళ్ళ సీసా పక్కన ఉంచి మరీ లేచారు.

డాక్టరు గారు కాగితం చూడగానే మలం పరీక్ష, ఫైలేరియా యాంటీబాడీలు, బూజు కోసం విడిగా ఇంకో పరీక్ష, ఎక్స్‌రే రాశారు. ఎక్స్‌రేలో చుక్కలు చుక్కలుగా కనబడితే క్షయ అనుకుని హడలిపోయాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం డాక్టర్లు 1940లోనే క్షయలా కనబడే ఈ జబ్బు గురించి రాశారని ఆయనే ధైర్యం చెప్పారు. ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియా అని పేరు. బోదకాలు పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే, ఒళ్ళు వాటి మీద అతిగా విరుచుకుపడటం. అందుకే నెత్తురు స్లైడులో అవి దొరకవు. బోదకాలు వాపు ఉండాలనీ లేదు.

మందు డీఈసీ మాత్రలు, మూడు వారాలు. యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1947లో తెచ్చిన హెట్రజాన్ అదే. వారానికే దగ్గు సగమైంది. ఇప్పుడు ఇసినోఫిల్స్ 900. ఐజీఈ ఇంకా 2,900 ఉంది, అది మెల్లగానే దిగుతుందట. మళ్ళీ తిరగబెట్టొచ్చు కాబట్టి పరీక్షలకి వెళ్తూ ఉండాలి.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఎనిమిదిన్నర వేల పరీక్ష అమ్మడానికి అందరికీ తీరిక ఉంది, మూడొందల పరీక్ష చదవడానికి లేదు. ఆ మాత్ర కోసం నాలుగు మెడికల్ షాపులు తిరిగాను. కొన్నేళ్ళ కిందట మా వీధిలో ఇంటింటికీ ఉచితంగా పంచారు అదే మాత్ర. ఎందుకో చెప్పినవాళ్ళు లేరు, మేమూ మింగలేదు, బీరువాలో పడేశాం. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

అమ్మ, మా ఆయన, అత్తయ్య గారు ఉన్నారు కాబట్టే నేను తిరగగలిగాను. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

బాబాయ్ గారూ, ఇది ఎవరైనా మీకు చదివి వినిపిస్తే, మీ ఆవిడ గారు ఎలా ఉన్నారో కబురు చెయ్యండి. మీ పెన్ను నా దగ్గరే ఉండిపోయింది.

అయ్యో, నాలుగో షాపులో కాకినాడ నుంచి బస్సులో మాత్రలు తెప్పించిన అబ్బాయిని మరిచాను. చాలా చాలా థాంక్స్ బాబూ. నా క్లాసులు రెండు వారాలు చూసుకున్న లెక్కల మేడమ్‌కి కూడా. ఆ రోజు నేను ఏడుస్తుంటే ఫోన్ చార్జర్ ఇచ్చి, తీసుకోకుండానే వెళ్ళిపోయిన అమ్మాయికి కూడా. నీ చార్జర్ ఓపీ కౌంటర్లో ఇచ్చానమ్మా, అడిగి తీసుకో.