భుజం నొప్పికి ముందు ఎక్స్‌రే

సంపాదకుల గారికి,

మన గోదావరి డెల్టాలో భుజం నొప్పి అనగానే చెప్పే మాటలు రెండే. ‘షుగర్ ఉందిగా, ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) అయ్యుంటుంది’ లేదా ‘ఎమ్మారై తీయించుకు రండి’. రాత్రికి రాత్రే చెయ్యి లేవక జడ వేసుకోలేని ఆడవాళ్లలో, కొబ్బరి దింపు మానుకుని కూర్చున్నవాళ్లలో కొందరి అసలు సమస్య కండరాన్ని ఎముకకు కలిపే భుజం టెండన్‌లో పేరుకున్న కాల్షియం. దీన్ని కాల్సిఫిక్ టెండినైటిస్ అంటారు. 30 నుంచి 60 ఏళ్ల వయసులో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. ఆ పేరు వినగానే పాలు, కిళ్ళీలో సున్నం మానేసేవాళ్లున్నారు. తిండికీ దీనికీ సంబంధం లేదు.

రేడియోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఒక మాట చెప్పగలను. ఈ కాల్షియం మామూలు ఎక్స్‌రేలోనే తెల్లగా కనపడుతుంది. కాకపోతే ఒక్క ఫిల్ముతో సరిపెడితే ఎముక చాటున ఉండిపోవచ్చు. చెయ్యి లోపలికి తిప్పి ఒకటి, బయటికి తిప్పి ఒకటి తీయాలి. రద్దీ ఓపీలో ఆ రెండోది రాసేవాళ్లు తక్కువ. ఎమ్మారైలో టెండనూ నలుపే, కాల్షియమూ నలుపే. చిన్న ముద్దయితే వేలు పోసినా దొరక్కపోవచ్చు.

నొప్పి ఒక్కసారిగా భరించలేనంత పెరిగిందంటే, చాలాసార్లు శరీరమే ఆ కాల్షియాన్ని కరిగించుకుంటోందన్నమాట. అప్పుడది టూత్‌పేస్టులా మెత్తబడి ఉంటుంది. ఎక్కువమందికి మందులతో, వ్యాయామంతో తగ్గిపోతుంది. తగ్గనివారికి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కించి, సూదితో సెలైన్ ఎక్కించి కడిగి లాగేయవచ్చు. కోత అవసరం అరుదు. మన దగ్గరేమో ఎక్స్‌రే కూడా తీయకుండా ఆర్‌ఎంపీ దగ్గర భుజంలోకి ఇంజెక్షన్ వేయించుకోవడం మామూలైపోయింది.

అల్ట్రాసౌండ్ మెషీన్‌ను ఎక్కడికి పడితే అక్కడికి తీసుకెళ్లడానికి 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం ఉండాల్సిందే. అందుకే ఈ పని పెద్దాసుపత్రులే చేయాలి. కాకినాడలో రంగరాయ కాలేజీ ఎప్పటినుంచో ఉంది, 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. గర్భిణుల స్కానింగ్‌కు ఇబ్బంది లేకుండా వారానికో మధ్యాహ్నం భుజం కేసులకు కేటాయిస్తే అమలాపురం, నరసాపురం నుంచి పంపేవాళ్లకు ఒక దారి దొరుకుతుంది. ఏరియా ఆసుపత్రుల్లో భుజానికి ఆ రెండు రకాల ఎక్స్‌రేలూ తప్పనిసరి చేయడానికైతే కొత్త మెషీన్ కూడా కొననక్కర్లేదు, జిల్లా అధికారుల నుంచి ఒక సర్క్యులర్ చాలు.

— ఒక రిటైర్డ్ రేడియోగ్రాఫర్, పాలకొల్లు