ఖాకీ టోపీ తెగిపోకుండా చూపించండి

సంపాదకులకు,

దూరదర్శన్‌లో 1989లో మొదలైన ‘ఉడాన్’ను మళ్లీ చూడాలని వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హిందీ సగమే అర్థమైనా తెలుగిళ్లలో ఇష్టంగా చూసిన సీరియల్ అది. కవితా చౌదరి రాసి, తీసి, ఐపీఎస్ అధికారి కల్యాణీ సింగ్‌గా నటించారు. దానికి ఆధారం ఆమె అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితం. 1973 బ్యాచ్ ఐపీఎస్ అయిన కాంచన్, 2004లో ఉత్తరాఖండ్ డీజీపీగా దేశంలోనే ఆ పదవికి వచ్చిన తొలి మహిళ. అక్క 2019లో, చెల్లెలు 2024లో కన్నుమూశారు. ఇలాంటి పాత సీరియళ్లను ఉన్నవి ఉన్నట్టుగా చూపించమని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతిని అడగడానికే ఈ ఉత్తరం.

ఇంటర్నెట్‌లో చేతులు మారి తిరిగే కాపీల్లో తప్పులన్నీ ఒకే తీరు. అప్పటి బొమ్మ వెడల్పు, ఎత్తు 4:3 కొలతలో ఉండేవి. ఇప్పటి 16:9 తెర నిండాలని సాగదీస్తే మొహాల వెడల్పు మూడోవంతు పెరుగుతుంది. సాగదీయకుండా పైనా కిందా కోస్తే బొమ్మలో ఉండే 576 అడ్డగీతల్లో 144 పోతాయి. పోలీసు సీరియల్‌కి అది చిన్న నష్టం కాదు: దగ్గరి షాట్లలో పైన తెగేది టోపీ, కింద తెగేది నేమ్‌ప్లేటు. ఇక ఇంటర్‌లేస్ గొడవ వేరు. అప్పటి వీడియోలో సెకనుకు 50 సగం బొమ్మలు, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి నమోదయ్యేవి. తొందరపడి మార్చేవాళ్లు ఒక సగాన్ని పారేస్తారు. మిగిలేవి 288 గీతలు. అప్పుడు భుజం మీద ఉన్నవి మూడు నక్షత్రాలో, అశోక చిహ్నంతో ఒక నక్షత్రమో తెలియదు. వచ్చింది ఏఎస్పీయో (అసిస్టెంట్ ఎస్పీ) ఎస్పీయో పోల్చుకోలేకపోతే, ఎవరు ముందు సెల్యూట్ కొట్టారన్న దాంట్లో ఉన్న నాటకమంతా పోయినట్టే. కృత్రిమ మేధతో ‘4కే’ చేశామనే కాపీలు ఇంకా ఘోరం. లేని నక్షత్రాన్ని ఊహించి గీస్తాయి, మొహాలకు మైనం పూస్తాయి.

కాబట్టి అసలు టేపు దగ్గరికే వెళ్లాలి. ఆ కాలపు టేపులు ఎక్కువగా ముప్పావు అంగుళం యూ-మ్యాటిక్, అర అంగుళం బీటాక్యామ్. గాలిలో తేమ పీల్చి వీటి బైండర్ (ఆక్సైడ్ పొడిని టేపుకు అంటించి ఉంచే పూత) జిగురవుతుంది. అలాంటి టేపును యంత్రంలో పెడితే కీచుమంటుంది, ఆక్సైడ్ రాలి టేపును చదివే హెడ్లకు పట్టుకుంటుంది. కీచుమన్న వెంటనే ఆపాలి, ‘ఒక్కసారి ఆడించి చూద్దాం’ అనకూడదు. అలాంటి వాటిని సుమారు 54 డిగ్రీల దగ్గర, ఎనిమిది గంటలకు తగ్గకుండా, తేమలేని ఓవెన్‌లో ఉంచితే కొన్ని వారాలపాటు ఆడతాయి. ఆలోపే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. బూజు పట్టినదైతే ముందు శుభ్రం చేయాలి, లేకపోతే ఆ బూజు యంత్రం నుంచి తర్వాతి టేపుకు అంటుకుంటుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదులు టేపులకు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి. వేడి, తేమ పెరిగి తగ్గినప్పుడల్లా చుట్ట బిగిసి వదులవుతుంది.

యంత్రాల సంగతి మరీ కష్టం. సోనీ 2016లో బీటాక్యామ్ డెక్కుల (టేపు ఆడించే యంత్రాల) అమ్మకం ఆపేసింది. హెడ్లు అరిగితే పాత డెక్కుల నుంచి విప్పి పెట్టుకోవాల్సిందే. గీతల సమయాన్ని సరిచేసే టైమ్‌బేస్ కరెక్టర్ లేకుండా ఎక్కిస్తే బొమ్మ పైభాగం వంకర పోతుంది. ఇక్కడా ముందు దెబ్బతినేది టోపీయే.

చోటు లేదనే సాకు ఈ రోజుల్లో చెల్లదు. పది బిట్ల కంప్రెస్ చేయని బొమ్మకు గంటకు దాదాపు 100 జీబీ పడుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1 అనే కుదింపు పద్ధతిలో నాణ్యత పోకుండానే అది ఇంచుమించు సగం అవుతుంది. 25 నిమిషాల ఎపిసోడ్లు ముప్పై ఉన్నా ఒక టెరాబైట్ డిస్కులో పడతాయి. రెండు ఊళ్లలో రెండు కాపీలు పెట్టినా పెద్ద ఖర్చు కాదు. ఇంటర్‌లేస్‌ను దాచిపెట్టే మాస్టర్ ఫైలులో ముట్టుకోకూడదు, చూపించే కాపీలోనే తీయాలి. 4:3ని 4:3గానే వదలాలి, అటూ ఇటూ నల్లపట్టీలు వస్తే రానివ్వండి.

ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ ఓటీటీ తెచ్చింది. అందులో పెట్టే పాత హిందీ సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు కూడా ఇవ్వాలి. 1977లో మొదలైన హైదరాబాద్ కేంద్రం తెలుగు నాటకాలను, సీరియళ్లను కూడా ఇదే లెక్కలో చూడాలి. ప్రైవేటు నిర్మాతల చేతిలో హక్కులున్నవి ఉంటే వాళ్లతో ఇప్పుడే మాట్లాడాలి. అన్నిటికన్నా ముందు ఒక జాబితా ప్రకటించమనండి: ఏ సీరియల్, ఎన్ని టేపులు, ఏ రకం, చివరిసారి ఎప్పుడు ఆడించి చూశారు, ఏవి కీచుమంటున్నాయి. వేడిచేయాల్సినవేవో, ముందు ఎక్కించాల్సినవేవో అందులోనే తేలిపోతుంది.

– వీడియో టేపుల పని తెలిసిన ఒక పాఠకుడు, విజయవాడ