ఎర్రపువ్వుల టేబుల్ క్లాత్‌లు ఎందుకు ఆలస్యమంటే

దసరాకని మీరు అడిగిన ఎర్రపువ్వుల టేబుల్ క్లాత్‌లు దసరా తర్వాత వచ్చే విజయనగరం పైడితల్లి సిరిమాను పండుగ దాటాక గానీ చేతికి రావు. తప్పు మాదే. కొత్త లాట్ ఎర్ర నూలును పరీక్ష చెయ్యకుండా పంచేశాం. కుట్టు అయ్యాక ఉతికితే తెల్ల ఖద్దరు మీద గులాబీ చారలు దిగాయి.

మా దగ్గర కుట్టు నేర్చుకునేది శ్రీకాకుళం జిల్లా హిరమండలం రిజర్వాయరు కింద ఊళ్లు పోయి, ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలకు వచ్చిన ఆడవాళ్లు. ఊడుపులు, కోతలు చేసిన చేతులు. ఒకరు యేసయ్యకు, ఇంకొకరు పైడితల్లికి దణ్ణం పెట్టుకునే సూది పడతారు. ఆర్డరు లేకపోయినా నూలు కొనడం, నేర్చుకునే రోజుల్లో కుట్టిన ముక్కకూ కూలి ఇవ్వడం దేవుడి మీద భారం వేసి చేస్తున్నవే. అవి మానం. "దేవుడున్నాడమ్మా, రంగు దిగదులే" అంటే మాత్రం ఇక ఒప్పుకోం. ఆ సంగతి వేడినీళ్లే చెప్పాలి.

ఇప్పుడు ప్రతి లచ్చి (నూలు చుట్ట) నుంచి జానెడు తుంచి, సబ్బు కలిపిన వేడినీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, తడిగానే తెల్లగుడ్డ మడతలో పెట్టి నొక్కుతున్నాం. మరక పడితే ఆ లచ్చి వెనక్కే. ఉప్పునీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది అంటారు గానీ, అద్దకం అయిపోయిన నూలుకు ఉప్పు చేసేదేమీ లేదు.

గుడ్డ పొందూరు ఖద్దరు. మొదటి ఉతుకులో కుదించుకుంటుంది, పైనున్న నూలు అంతగా కుదించుకోదు. అలా పువ్వు చుట్టూ ముడతలు వస్తాయి. అందుకే రాత్రంతా నానబెట్టి, గంజి వదిలించి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేశాక ఫ్రేముకు ఎక్కిస్తాం.

కుట్టు నూలులోని ఆరు పోగుల్లో రెండే తీసి, మూరెడు పొడవున, 9వ నంబరు సూదికి ఎక్కిస్తాం. అంతకంటే పొడవైతే గుడ్డలోంచి మాటిమాటికీ దూరి నూగు లేస్తుంది. కాడ కుట్టు తొందరగానే పట్టుబడుతుంది. తంటా అంతా రేకులు నింపే సాటిన్ కుట్టుతోనే. నాట్లు వేసిన చేతికి వరుస తప్పదు, లాగుడే ఎక్కువ. నూలు గుడ్డ మీద పడుకోవాలి, గుడ్డను పట్టి గుంజకూడదు. రేకు సెంటీమీటరు దాటితే మధ్యకు చీల్చి రెండు వరసలుగా కుట్టిస్తున్నాం, లేకుంటే పోగులు గాజులకు తగులుకుంటాయి. కాయలు కాసిన వేళ్లకు రాత్రి కొబ్బరినూనె, పొద్దున్నే సున్నిపిండి. పనికి ముందు నూనె ముట్టకూడదు.

సాయంత్రం ఫ్రేము విప్పెయ్యాలి, సూది గుడ్డలో వదలకూడదు. ఈ చెమ్మకి తెల్లారేసరికి తుప్పు చుక్క పడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే అది పోతుంది, దాంతోపాటు పక్క పువ్వు రంగూ పోవచ్చు. ఇంకోటి, నీళ్లతో పోయే నీలం పెన్ను గీతను కడక్కుండా ఇస్త్రీ పెడితే ఇక వదలదు. పోయిన విడత కర్చీఫులు కొన్ని అలాగే పాడయ్యాయి, వాటిని అమ్మలేదు.

పాడైన టేబుల్ క్లాత్‌లకు కుట్టు కూలి కొయ్యలేదు. నూలు చూసి ఇవ్వాల్సింది మేం కదా. ధర పెంచడం లేదు. ఆగలేమంటే డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం.

ఎర్రపువ్వుల గుడ్డ ఇప్పటికే అందినవాళ్లు, ఉతికినప్పుడు రంగు దిగితే ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలు వద్దు. బకెట్ నిండా చన్నీళ్లలో ముంచి, తేటపడేదాకా నీళ్లు మారుస్తూ ఉండండి. అప్పటికీ చార మిగిలితే పంపండి, మార్చి ఇస్తాం.