అంచున రాసింది ఏమైంది?

సంపాదకుడికి,

అయ్యా,

ఈమధ్య మా ఊళ్లో ఆరోగ్య సర్వే పిల్లలు ట్యాబ్‌లు పట్టుకుని తిరుగుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. పలు దేశాల్లో ఏళ్ల తరబడి నడిచిన ఓ సర్వే కోసం నేనూ కోనసీమ లంకల్లో ఇంటింటికీ తిరిగినవాణ్ణే.

ఓ లంకలో ఒక మామ్మగారు అరుగు మీద కూర్చుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూనే జవాబులు చెప్పింది. ఫారంలో ఉన్నవి సిగరెట్, బీడీ, ఇతర అని మూడే గడులు. 'ఇతర'లో టిక్ పెట్టి, అంచున పెన్సిల్‌తో 'అడ్డచుట్ట, రోజుకు నాలుగు' అని రాశాను. కంప్యూటర్‌లోకి టిక్ ఎక్కింది, పెన్సిల్ రాత ఎక్కలేదు. కొన్నేళ్లకు రెండో విడతలో వేరే కుర్రాడు వెళ్లి "సిగరెట్, బీడీ తాగుతారా?" అంటే "అబ్బే, లేదు బాబూ" అందట. నిజమే కదా! లెక్కలో మాత్రం ఆవిడ పొగ మానేసింది. అడ్డచుట్టతో అంగిలికి క్యాన్సర్ ముప్పని డాక్టర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఇంకో దేశంలో 'ఇతర' అంటే హుక్కా కావచ్చు. రెండూ ఒకే గడిలో పడ్డాక ఇక పోల్చేదేముంది?

వయసు సంగతీ అంతే. "86 వరదకి మా పెద్దాడు చంకలో ఉన్నాడు" అంటారు. ఆ మాట రాసి ఉంటే ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు. మేం రాసింది అంకె ఒక్కటే. పైగా 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి కోడ్ ఉన్న ఊళ్లు కొన్ని కోనసీమకు, కొన్ని కాకినాడకు పోయాయి. పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ కలిపే పట్టిక లేకపోతే ఊరే దొరకదు, మనిషి సంగతి సరేసరి.

ఇదంతా చాదస్తం అనేవాళ్లుంటారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో చావులకు కారణాలు ఆరా తీస్తే, నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారని తేలింది. పల్లెల్లో జనాన్ని చంపేవి జ్వరాలూ విరేచనాలే అనుకునే రోజులవి. ఆ లెక్కకు ఆధారం, చనిపోయినవారి ఇంటివాళ్లు చెప్పిన మాటలే.

మా ఫారాలను మాత్రం ఓ మేడ మీది గదిలో మూటలు కట్టి పడేశారు. వానకు తడిసి చెద పట్టడం నేను కళ్లారా చూశాను. పేరు, ఇల్లు, జబ్బు అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి, గదికి తాళం లేదు.

ఇప్పుడు తిరిగే బృందాలైనా జవాబును చెప్పింది చెప్పినట్టు తెలుగులో దాచాలి. ట్యాబ్‌లో ఇంకో గడి పెట్టడం ఎంత పని? పేర్ల జాబితాను జవాబుల నుంచి విడదీసి భద్రం చేయాలి. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక అవి ఎవరి చేతిలో ఉంటాయో రక్తం తీసే ముందే ఊరివాళ్లకు చెప్పాలి.

మా పాత మూటల్లో ఎన్ని మిగిలాయో గానీ, ఆ పెన్సిల్ రాతలు పోల్చుకోగలిగినవాళ్లం నలుగురైదుగురం ఇంకా ఇక్కడే ఉన్నాం. పిలిస్తే వస్తాం.

– ఒక మాజీ సర్వే ఉద్యోగి, ముమ్మిడివరం